మంచినీటి చెరువు నుండి ఈతకొలను దాకా

కలకత్తా నడిబొడ్డున, రైటర్స్ భవనం ఎదుట, లాల్ దిఘీ అనే పురాతన తటాకమున్నది. 18వ శతాబ్దిలో నగరాన్ని చూచిన డచ్చి నావికుడు స్టావోరినస్, దీనిలోని ఊటలవల్ల నీటిమట్టం ఇంచుమించు ఎల్లప్పుడూ ఒకే తీరున ఉండేదనీ, నీరు మధురమనీ వ్రాశాడు. నీరు ఎవరైనా తీసికొనిపోవచ్చును. దిగి స్నానం చేయటం మాత్రం నిషిద్ధం. త్రాగే నీటి విషయంలో ఆ కట్టుబాటు న్యాయమైనదే.

1817లో ఏర్పడిన లాటరీ కమిటీ లాటరీల రాబడితో వీధులు వేయించి, చెరువులు త్రవ్వించింది. కాలేజి స్క్వేరులోని గోల్ దిఘీ, బెథూన్ కళాశాల చెంతనున్న హెదువా అట్టివే. 1870 నాటికి పల్తాలో శుద్ధిచేసిన హుగ్లీ నీరు గొట్టాల ద్వారా నగరానికి చేరింది. చెరువులకు త్రాగునీటి బాధ్యత క్రమంగా తప్పింది. ఈతకు చోటు దొరికింది.

1887లో యూరోపియనులు తమకొక ఈతక్లబ్బు పెట్టుకొన్నారు. అందులో భారతీయులకు సభ్యత్వం లేదు; స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడ కొంతకాలం ఆ తలుపు తెరచుకొనలేదు. ఉత్తర కలకత్తా బాలురకూ బాలికలకూ చదువుల బడులున్న వీధుల్లోని చెరువులే ఈతబడులయినవి. మన పల్లెలలో నడుముకు బెండు కట్టుకొని మోటబావిలో దూకే పిల్లలకు ఈ సంబరం కొత్తది కాదు. వేసవి వచ్చిందంటే అక్కడ క్లబ్బుల శిక్షణ ముమ్మరమవుతుంది.

హాట్‌ఖోలా క్లబ్బులో ఈత నేర్చిన ఆరతీ సాహాను తీర్చిదిద్దినవాడు సచిన్ నాగ్. 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో 100 మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణపతకం ఆయనదే. ఆరతి పన్నెండేండ్లయినా నిండకుండానే 1952లో హెల్సింకీ ఒలింపిక్సుకు వెళ్లింది. తరువాత ఇంగ్లీషు కాలువను ఈదాలని సంకల్పించి, 1959 ఏప్రిల్‌లో దేశబంధు పార్కు చెరువులో 8 గంటలు ఎడతెగక ఈదింది.

అయితే చెరువు నిలువనీరు. కాలువలో ఆటుపోట్లు సుమారు ఆరు గంటలకొకసారి దిశ మార్చుతాయి. ఆగస్టు 27న తోడుపడవ 40 నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. అనుకూలమైన పోటు చేజారింది. ఆంగ్లతీరం కొద్దిమైళ్లలో ఉండగా ప్రవాహం ఎదురు తిరిగి, ఆమె పడవ ఎక్కవలసి వచ్చింది. నెల తిరిగిన కొన్నాళ్లకే, సెప్టెంబరు 29న, ఫ్రాన్సులోని గ్రినే అగ్రం నుండి మరల దిగి, 16 గంటల 20 నిమిషాలలో శాండ్‌గేట్ తీరం చేరింది. ఆ కాలువను ఈదిన తొలి ఆసియా మహిళ ఆమెయే. 1960లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది.