గరగరలాడు ఫ్లాపీలు

సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తుననున్న అరకులోయలో వర్షకాలపు చెమ్మ పుస్తకములకే గాక, బీరువాలలో మిగిలిన పాత ఫ్లాపీలకును శత్రువే. నిమిషమునకు 300 చుట్లు తిరుగు మూడున్నర అంగుళముల డిస్కును డ్రైవులోని హెడ్డు తాకుచునే యుండును. నాసిరకపు డిస్కు పూతయో, పట్టిన బూజో రాలి హెడ్డునకంటినచో గరగర మొదలగును. (మొదట వినవచ్చు టకటక హెడ్డు తన చోటు వెదకుకొను చప్పుడే, దానికి భయమేల?) వెంటనే మరియొక మంచి ఫ్లాపీ పెట్టి చూచుట పలువురి అలవాటు. అది చేటు! మురికి హెడ్డు దానిని గూడ గీకివేయును. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో హెడ్డును మెల్లగా తుడిచి, ఆరిన పిమ్మట ఖాళీ ఫ్లాపీతో పరీక్షింపవలెను. కొత్తవి కొందమన్న, సోనీ సంస్థ జపానులో వాని అమ్మకమును 2011లోనే ఆపివేసినది. పాతదానిలో ఏ ఉపాధ్యాయుడో సేకరించిన కువి పదముల పట్టిక యుండవచ్చును; దానికి వేరొక ప్రతి లేకపోవచ్చును. తెరచుకొన్న తక్షణమే నకలు తీయవలెను.