చెకుముకి పిస్తోలు నమూనా

చెకుముకి పిస్తోలు నమూనా అనగా 17వ శతాబ్దం నుండి 19వ శతాబ్దపు తొలి దశకాల వరకు వాడుకలో ఉన్న చెకుముకి పిస్తోలును రూపంలో అనుకరిస్తూ, పేలే శక్తి ఏ మాత్రమూ లేకుండా తయారు చేసిన వస్తువు. నాటకాలలోను, చారిత్రక చలనచిత్రాలలోను, పాఠశాల ప్రదర్శనలలోను ఇటువంటి నమూనాలను ఉపయోగిస్తారు. గోడ అలంకరణకు సేకరించేవారు కూడా ఉన్నారు. వడ్రంగము, లోహపు పని కొంత తెలిసినవారు వీటిని ఇంటి పనిగదిలోనే చేయగలరు. నమూనా పేలకుండా ఉండటం పని పూర్తయ్యాక చేర్చే జాగ్రత్తగా కొందరు భావిస్తారు. నిజానికి మొదటి ముక్క కోయక ముందే ఆ సంగతి తేలిపోవాలి. అందుకు కారణాలు కొన్ని సాంకేతికమైనవి, కొన్ని చట్టానికి సంబంధించినవి.

అసలు పిస్తోలు పనిచేసే తీరు

ఈ యంత్రాంగాన్ని 17వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఫ్రాన్సులోని నార్మండీ ప్రాంతానికి చెందిన మారిన్ ల బూర్జ్వా రూపొందించినట్లు చెబుతారు. పిస్తోలు కుడి పక్కన ఉండే సుత్తి తన దవడల మధ్య తోలు ముక్కలో చుట్టిన చెకుముకి రాయిని పట్టుకొని ఉంటుంది. మీట నొక్కగానే లోపలి స్ప్రింగు ఆ సుత్తిని ముందుకు విసురుతుంది. రాయి ఎదురుగా నిలిచిన గట్టి ఉక్కు పలకను గీరుతూ దిగుతుంది. ఆ గీతకు ఉక్కు నుండి లేచిన సన్నని రజను గాలి తగిలి మండుతుంది. మనకు కనిపించే నిప్పురవ్వలు ఇవే. అదే దెబ్బకు పలక వెనుకకు వాలి కింద ఉన్న మందు గిన్నె తెరుచుకుంటుంది. గిన్నెలోని కొద్దిపాటి మందు అంటుకొని, గొట్టం పక్కన ఉన్న సన్నని రంధ్రం గుండా మంట లోపలికి పోతుంది.

1807లో స్కాట్లండు మతబోధకుడు అలెగ్జాండర్ ఫోర్సైత్ దెబ్బకు పేలే రసాయనంతో మందును అంటించే పద్ధతికి పేటెంటు పొందాడు. తరువాతి దశాబ్దాలలో ఆ సూత్రం మీద వచ్చిన రాగి టోపీల వలన చెకుముకి రాయి క్రమంగా మూలపడింది. రంగస్థల సామగ్రి తయారుచేసేవారు ఈ కాలక్రమాన్ని గుర్తుంచుకోవాలి. 1757 నాటి బొబ్బిలి యుద్ధంలో ఫ్రెంచి అధికారి పాత్రకు చెకుముకి పిస్తోలు తగినది. ఆరు గుళ్ళ రివాల్వరు ఇస్తే కథ దాదాపు నూరేళ్ళు ముందుకు జరిగినట్లే.

నమూనాను ఎంచుకోవడం

మొదటిసారి చేసేవారికి బ్రిటిషు నౌకాదళపు పిస్తోలు అనుకూలమైనది. దీని పొడవు రకానికి 12 అంగుళాల గొట్టము, ఇత్తడి అమరికలు, అక్రోటు కర్ర పిడి ఉండేవి. నగిషీ పని దాదాపు లేదు. ఎడమ పక్కన నడుము పట్టీకి తగిలించే ఉక్కు కొక్కెం ఉంటుంది. శత్రు నౌక మీదికి ఎక్కే నావికునికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి గదా! ఉన్న ఒక్క గుండూ పేలిన తరువాత పిస్తోలును తిరగేసి దుడ్డుకర్రలా వాడేవారు. పిడి చివర బరువైన ఇత్తడి టోపీ ఉండటానికి ఒక కారణం ఇదే.

కొలతలకు మ్యూజియంలు ప్రచురించిన చిత్రాలు చాలు. చిత్రాన్ని అసలు పరిమాణానికి పెంచి అట్ట మీద అంటించి కత్తిరిస్తే మూసపలక సిద్ధమవుతుంది.

గొట్టం

నమూనాలో అన్నిటికంటే ముఖ్యమైన నియమం దీనికి వర్తిస్తుంది: గొట్టానికి పైపు వాడరాదు, గట్టి కడ్డీ మాత్రమే వాడాలి. పైపును సీసంతోనో సిమెంటుతోనో నింపితే సరిపోదు, ఎందుకంటే నింపినదానిని తీయవచ్చు. కడ్డీకి మూతి వద్ద ఒక సెంటీమీటరు లోతుకు మించకుండా గుంట తొలిచి లోపల నల్లరంగు పూస్తే, దూరం నుండి చూసేవారికి గొట్టంలాగే కనిపిస్తుంది. పక్కన ఉండే మంట రంధ్రానికి బదులు పంచితో చిన్న చుక్క కొడితే చాలు.

బరువు విషయంలో కొంత ఆలోచన అవసరం. 30 సెంటీమీటర్ల పొడవు, 22 మిల్లీమీటర్ల మందం గల ఇత్తడి కడ్డీ సుమారు 970 గ్రాములు తూగుతుంది. అదే కొలత అల్యూమినియం 310 గ్రాములు మాత్రమే. బోలుగా ఉండే అసలు ఇనుప గొట్టం ఈ రెంటికీ మధ్యస్థంగా ఉంటుంది. నాటకానికి అల్యూమినియం మేలు, నటుని చేయి నొప్పి పుట్టదు. లేత్ లేనివారు కర్రనే వాడవచ్చు. నలుచదరపు కర్రను చిత్రిక పట్టి ఎనిమిది పలకలుగా, తరువాత పదహారు పలకలుగా చేసి, ఉప్పుకాగితంతో గుండ్రంగా దిద్దుతారు. నల్లరంగు ఆరిన తరువాత పెన్సిలు ములికి పొడిని గుడ్డతో రుద్దితే ఇనుపమెరుపు వస్తుంది.

పిడి

టేకు సులభంగా దొరుకుతుంది గాని దాని ఈనెలు ముతక, సన్నని అంచుల వద్ద పెచ్చులూడుతుంది. కొండపల్లి, నిర్మల్ బొమ్మలకు వాడే పొణికి కర్ర చెక్కడానికి హాయిగా ఉన్నా ఈ పనికి మరీ మెత్తన. జిట్టేగి లేదా అక్రోటు దొరికితే మంచిది. కర్ర ఈనెలు మణికట్టు వంటి సన్నని భాగం గుండా నిలువునా సాగేలా మూసపలకను అమర్చుకోవాలి. అడ్డంగా పడితే అక్కడే విరుగుతుంది.

గొట్టాన్ని కర్రలో సగం వరకు దింపి కూర్చోబెట్టడం ఓపికతో కూడిన పని. గొట్టానికి దీపపు మసి పలుచగా పూసి కర్ర గాడిలో ఉంచి తీస్తారు. మసి అంటిన చోట్లే ఉలితో పొరలు పొరలుగా తీసి మళ్ళీ ఉంచి చూస్తారు. గాడి అంతటా మసి సమంగా అంటేవరకు, బహుశా ముప్పై నలభై సార్లు, ఇలా చేయవలసి వస్తుంది. తొందరపడి ఒక్కసారే లోతుగా తొలిస్తే ఏర్పడే సందును ఏ లప్పమూ దాచలేదు.

చివరకు అవిసె నూనెను పలుచని పూతలుగా రోజుకొకటి చొప్పున పట్టిస్తారు. నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయకూడదు. ఆ నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుట్టి గుడ్డలు వాటంతటవే అంటుకోగలవు. వాటిని పరచి ఆరబెట్టాలి, లేదా నీటిలో ముంచాలి. పేలని పిస్తోలు చేసే పనిగదిలో అసలైన నిప్పు ప్రమాదం ఇదే.

సుత్తి, ఇత్తడి అమరికలు

సుత్తిని, పలకను మందపాటి ఇత్తడి రేకు నుండి రంపంతో కోసి ఆకురాయితో దిద్దుతారు. పలకకు ఇత్తడి వాడటంలో ఒక ప్రయోజనం ఉంది: చెకుముకి రాయి గీరినా ఇత్తడి రవ్వలు పుట్టించదు. రాయికి బదులు రంగు వేసిన కర్ర ముక్క పెడితే ఆ అనుమానం కూడా ఉండదు. లోపలి యంత్రాంగం అక్కరలేదు. సుత్తి ఒక మర మీద స్ప్రింగు వాషరు బిగువుతో తిరిగితే చాలు. పిడి చివరి టోపీకి పలుచని ఇత్తడి రేకును మసక ఎరుపు వచ్చేవరకు కాల్చి చల్లార్చి, కర్ర అచ్చు మీద సుత్తితో కొట్టి వంచుతారు. దెబ్బలకు ఇత్తడి మళ్ళీ బిరుసెక్కుతుంది కనుక నడుమ రెండు మూడు సార్లు కాల్చవలసి ఉంటుంది.

చట్టం

అమెరికాలో బొమ్మ తుపాకులకు నారింజరంగు గుర్తు తప్పనిసరి చేసిన 1988 నాటి చట్టం, 1898కి ముందు రూపొందిన తుపాకుల పేలని నమూనాలను మినహాయించింది. నిజమైన తుపాకిలా కనిపించే నకళ్ళ తయారీని, అమ్మకాన్ని నిషేధించిన బ్రిటన్ 2006 చట్టం కూడా 1870కి పూర్వపు రూపాలను వదిలిపెట్టింది. జపాను మరింత కఠినం. అక్కడ 1971 సవరణతో లోహపు చేతితుపాకి నకళ్ళ గొట్టం మూసివేసి, వాటికి తెలుపు లేదా పసుపు రంగు వేయవలసి వచ్చింది.

భారతదేశంలో 1959 ఆయుధ చట్టం 6వ సెక్షను ప్రకారం నకలు తుపాకిని నిజమైన తుపాకిగా మార్చడానికి లైసెన్సు కావాలి. 45వ సెక్షను పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఇస్తుంది గాని, మరమ్మత్తు చేసినా చేయకున్నా తుపాకిగా పనికిరానివై ఉండాలని షరతు పెట్టింది. పైపును నింపి మూసిన నమూనా ఎందుకు చాలదో ఈ ‘మరమ్మత్తు’ అనే మాట వలన తెలుస్తుంది. 2016 ఆయుధ నియమాలను కూడా చూసి, స్థానిక లైసెన్సు అధికారిని ముందుగా సంప్రదించడం మంచిది. చట్టం అనుమతించినా, వీధిలో చేతబట్టి తిరిగితే చూసేవారికి అది పిస్తోలే. విమానంలో చేతిసంచిలో నకలును కూడా అనుమతించరు.

గుర్తులు, నకిలీలు

ఈస్టిండియా కంపెనీ ఆయుధాల మీద మొదట హృదయాకారపు ముద్ర, 1808 నుండి నిలబడిన సింహపు ముద్ర ఉండేవి. పాతవస్తువుల బజారులో ఈ ముద్రలు కొట్టి, ఆమ్లంతో తుప్పు పట్టించిన కొత్త పిస్తోళ్ళు తరచు కనిపిస్తాయి. అందువలన మంచి పనివాళ్ళు పాత ముద్రలను అనుకరించరు. తమ పేరు, తయారైన సంవత్సరము, ‘నమూనా’ అనే మాట గొట్టం అడుగున, టోపీ మీద చెరగకుండా చెక్కుతారు.

దీనివలన ఆచరణలో కూడా మేలున్నది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన ఇటువంటి వస్తువులను వ్యక్తులు దేశం దాటించరాదు. పాతదిగా కనిపించే నమూనాను విదేశానికి తీసుకుపోవాలంటే, అది పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నుండి ధ్రువపత్రం పొందవలసి రావచ్చు. చెక్కిన సంవత్సరం కనిపిస్తే పరిశీలకుని పని తేలికవుతుంది.