బరువు తగ్గడానికి నడక ఒక్కటీ సరిపోతుందా?

ఆదివారం పూట మన బడిలో పిల్లలు గుణింతాలు దిద్దుకునే రెండు గంటలూ పెద్దవాళ్ళం ఏం చేస్తామో అందరికీ తెలిసిందే. మొదట్లో కెఫెటేరియాలో చేరి టీ తాగుతూ గ్రీన్‌కార్డులు, ఇళ్ళ ధరలు, ఇండియా టిక్కెట్ల కబుర్లు చెప్పుకునేవాళ్ళం. మాటల మధ్యలో ఎవరో తెచ్చిన జంతికల డబ్బా తెలీకుండానే ఖాళీ అయిపోయేది. తర్వాత వాలంటీర్లం కొందరం కలిసి, "ఊరికే కూర్చునే బదులు పార్కింగ్ లాట్ చుట్టూ నడుద్దాం" అనుకున్నాం. అదే అలవాటై, మాలో కొందరు వారంలో మిగతా రోజులు కూడా నడవడం మొదలుపెట్టారు.

మాలో ఒకాయన అందరికంటే పట్టుదలగా చేశారు. రాత్రిపూట అన్నం మానేశారు. రోజూ గంటసేపు ట్రెడ్‌మిల్. ఆరు నెలల్లో పది కిలోలు తగ్గారు. మేమంతా మెచ్చుకున్నాం, లోలోపల కొంచెం కుళ్ళుకున్నాం కూడా. అయితే ఆ ఏడాది వార్షికోత్సవం రోజున హాల్లో మడత బల్లలు సర్దుతుంటే, అంతకు ముందు ఏడాది అవలీలగా ఎత్తిన బల్లనే ఆయన సగంలో దించేశారు. "బరువుతో పాటు బలం కూడా పోయినట్టుందండీ. పొట్ట మాత్రం ఇంకా నన్ను వదల్లేదు" అని నవ్వేశారు. ఆ నవ్వు వెనక దిగులు మాకు కనబడింది. ఇంకో ఆరు నెలలకి పోయిన కిలోల్లో సగం తిరిగొచ్చాయి.

అప్పటి నుంచి మా నడకలో ఒకటే చర్చ. బరువు తగ్గడానికి నడక, పరుగు, సైకిలు, ఈత లాంటి కార్డియో సరిపోతుందా? బరువులెత్తే వ్యాయామం, అంటే స్ట్రెంగ్త్ ట్రైనింగ్ కూడా కావాలా? "బరువులెత్తితే బరువు ఇంకా పెరుగుతాం" అని కొందరు. "మాకు కండలెందుకండీ!" అని ఆడవాళ్ళు. మేం డాక్టర్లం కాదు. కానీ లెక్క చూడందే నమ్మని వృత్తిలో ఉన్నవాళ్ళం. చదివి తెలుసుకున్నది ఈ సంచికలో మీ ముందుంచుతున్నాం.

తూకం చెప్పని సంగతి

ఇండియా ప్రయాణం అనగానే మనందరికీ గుర్తొచ్చేది 23 కిలోల పెట్టె. ఎయిర్‌పోర్టులో తూకం మీద పెడితే బరువెంతో చెబుతుంది గానీ, లోపల ఆవకాయ ఉందో, పట్టుచీరలున్నాయో, ఎన్నాళ్ళుగానో పారేయని పాత చెప్పులున్నాయో చెప్పదు. బరువు ఎక్కువైతే అక్కడే నేల మీద పెట్టె విప్పి కొన్ని తీసేస్తాం. అప్పుడు ఆవకాయ జాడీ తీసేసి పాత చెప్పులు ఉంచుకునేవాళ్ళుంటారా?

బాత్‌రూమ్‌లో ఉండే తూకం కూడా అంతే. మన బరువులో కొవ్వు ఉంది, కండ ఉంది, ఎముకలున్నాయి, నీళ్ళున్నాయి. తిండి తగ్గించి బరువు తగ్గేటప్పుడు కొవ్వు ఒక్కటే పోదు. కండ లాంటి కొవ్వు కాని భాగం కూడా కొంత పోతుంది. తగ్గిన బరువులో ఇది దాదాపు పావు వంతు ఉండవచ్చని స్థూలమైన అంచనా. ఈ మధ్య వచ్చిన బరువు తగ్గించే ఇంజెక్షన్లు వాడేవాళ్ళకు కూడా ఈ మాట వర్తిస్తుంది. మన మిత్రుడు పెట్టెలోంచి తీసేసిన వాటిలో ఆవకాయ కూడా ఉందన్నమాట.

ముందు సూటిగా జవాబు

తూకం మీద అంకె తగ్గడమే కావలసిందైతే బరువులు ఎత్తక్కర్లేదు. ఉన్నమాట చెప్పుకోవాలి.

నార్త్ కరోలినాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్ళు అధిక బరువున్నవారి మీద ఒక పరిశోధన చేసి 2012లో ఫలితాలు ప్రకటించారు. 119 మంది 8 నెలలపాటు చేశారు. ఒక జట్టుకి కార్డియో మాత్రమే, ఒక జట్టుకి బరువులు మాత్రమే, మూడో జట్టుకి రెండూ. తిండి తగ్గించమని ఎవరికీ చెప్పలేదు. బరువులు మాత్రమే ఎత్తినవారికి కండ పెరిగింది గానీ బరువు తగ్గలేదు. కార్డియో చేసినవారు, రెండూ చేసినవారు ఇంచుమించు ఒకేలా తగ్గారు. అయితే రెండూ చేసినవారికి కొవ్వు తగ్గడంతో పాటు కండ కూడా పెరిగింది. కానీ వాళ్ళు వ్యాయామానికి దాదాపు రెట్టింపు సమయం పెట్టవలసి వచ్చింది.

అన్నిటికంటే పెద్ద లెక్క తిండిదే. 70 కిలోల మనిషి గంటసేపు మామూలుగా నడిస్తే సుమారు 250 కేలరీలు ఖర్చవుతాయి. పెద్ద సమోసా ఒక్కటి ఇంచుమించు దాంతో సమానం. గంట నడిచింది అయిదు నిమిషాల్లో చెల్లు!

"కండ పెంచితే నిద్రలో కూడా కొవ్వు కరిగిపోతుంది" అన్న మాట కూడా విన్నాం. ఇందులో నిజం కొంచెమే. కిలో కండ విశ్రాంతిలో ఉన్నప్పుడు రోజుకి సుమారు 13 కేలరీలు ఖర్చు చేస్తుంది, కిలో కొవ్వు 4 లేక 5. రెండు కిలోల కండ పెరిగితే మిగిలేది రోజుకి 26 కేలరీలు. దాన్ని నమ్ముకుని మైసూర్‌పాక్ తినడానికి లేదు.

మరి కండ ఎందుకు?

2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో మరో పరిశోధన వచ్చింది. 65 ఏళ్ళు దాటి స్థూలకాయం ఉన్న 160 మంది పాల్గొన్నారు. తిండి తగ్గించి వ్యాయామం చేసిన మూడు జట్లవారూ ఆరు నెలల్లో బరువులో సుమారు 9 శాతం తగ్గారు. తూకం మీద అందరూ ఒక్కటే. పెట్టె విప్పి చూస్తే వేరు. కొవ్వు కాని భాగం కార్డియో మాత్రమే చేసినవారికి 5 శాతం తగ్గింది, బరువులెత్తినవారికి 2 శాతం, రెండూ చేసినవారికి 3 శాతం. లేవడం, నడవడం, మెట్లెక్కడం, వస్తువులెత్తడం వంటి పనుల పరీక్షలో రెండూ చేసినవారు 21 శాతం మెరుగుపడితే, మిగతా రెండు జట్లూ 14 శాతం దగ్గర ఆగాయి.

కండ చేసే మరో ఉపకారం చక్కెరకు సంబంధించినది. అన్నం తిన్నాక రక్తంలో చేరే గ్లూకోజులో పెద్ద భాగాన్ని లోపలికి తీసుకునేది కండరాలే. ఆ గిడ్డంగి చిన్నదైపోతే, ఖాళీగా ఉంచకపోతే, సరుకు వీధిలోనే నిలిచిపోతుంది. షుగరు వ్యాధికి దారితీసే కారణాల్లో ఇదొకటి.

మనవాళ్ళ సంగతి కొంచెం వేరు

2004లో లాన్సెట్ పత్రికలో ఒక చిన్న వ్యాసం వచ్చింది. రాసిన ఇద్దరూ డాక్టర్లే. ఒకరు పుణేకి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, రెండోవారు లండన్‌కి చెందిన జాన్ యుడ్కిన్. పక్కపక్కన నిలబడ్డ వాళ్ళ ఫోటో కూడా వేశారు. ఎత్తుకి బరువుని పోల్చి చెప్పే బీఎంఐ ఇద్దరికీ ఒకటే, 22.3. అంటే ఎవరూ లావు కాదు. స్కాన్ తీసి చూస్తే యుడ్కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం! సన్నగా కనబడుతూనే కొవ్వు ఎక్కువ, కండ తక్కువ ఉండడం మన దేశస్తుల్లో తరచుగా కనబడే లక్షణం. ఆ కొవ్వు కూడా పొట్ట దగ్గర చేరుతుంది. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి ఆసియా సంతతివారికి బీఎంఐ 23 దగ్గరే షుగరు పరీక్ష చేయించమంటోంది. మిగతావారికి ఆ హద్దు 25.

అసలే తక్కువగా ఉన్న కండని బరువు తగ్గే పేరుతో ఇంకా పోగొట్టుకుంటే నష్టం మనకే ఎక్కువ. మా చర్చ ఇక్కడ తేలిపోయింది. తూకం కోసమైతే కండరాల వ్యాయామం తప్పనిసరి కాదు. మనిషి కోసమైతే తప్పనిసరి.

పీట మీద నుంచి లేవగలమా?

వేసవిలో మన ఇళ్ళకు వచ్చే అమ్మానాన్నల్ని గమనించండి. సన్నగా ఉన్నవారు కూడా సోఫాలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాలి. ఒకప్పుడు పీట మీద కూర్చుని భోంచేసి, చేయి ఆనించకుండా లేచినవాళ్ళే. ముప్ఫై దాటాక పట్టించుకోకపోతే పదేళ్ళకి 3 నుంచి 8 శాతం చొప్పున కండ తగ్గుతుందని అంచనా. అరవై తర్వాత ఆ వేగం ఇంకా పెరుగుతుంది. మనకూ ఆ వయసు వస్తుంది. అప్పటికి ఇప్పుడు గుణింతాలు దిద్దుతున్న ఈ పిల్లలు ఏ రాష్ట్రంలో ఉంటారో, ఏ దేశంలో ఉంటారో! లేవనెత్తడానికి పక్కన ఎవరూ ఉండకపోవచ్చు. ఇప్పుడు కూడబెట్టుకోవలసింది రిటైర్‌మెంట్ డబ్బు ఒక్కటే కాదు.

జిమ్ లేకపోయినా ఫరవాలేదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు చెప్పింది ఇది: వారానికి 150 నుంచి 300 నిమిషాలు కొంచెం చురుకైన నడక లాంటిది, వారంలో కనీసం రెండు రోజులు పెద్ద కండరాలన్నిటికీ పని. మేం రెండు రోజులు, అరగంట చొప్పున ఇలా చేస్తున్నాం:

1. కుర్చీ అంచున కూర్చుని, చేతులు ఆనించకుండా లేవడం, మళ్ళీ నెమ్మదిగా కూర్చోవడం. మన గుంజిళ్ళకు ఇది తమ్ముడు. చిన్నప్పుడు చెవులు పట్టించి మాష్టార్లు మన చేత చేయించింది స్ట్రెంగ్త్ ట్రైనింగే, మనకే తెలీలేదు.

2. గోడకి చేతులానించి పుషప్‌లు. తేలికైపోయాక బల్ల అంచు, ఆ తర్వాత నేల. ఇవి మన తాలింఖానాల్లో తీసిన దండాలకు దగ్గరివే.

3. నడుము నిటారుగా ఉంచి కొంచెం ముందుకు వంగి, పుస్తకాలు నింపిన బ్యాక్‌ప్యాక్‌ని నడుము దాకా లాగడం.

4. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, నడుము పైకెత్తి దించడం.

5. రెండు చేతులతో రెండు గాలన్ పాల డబ్బాలు పట్టుకుని హాల్లో అటూ ఇటూ నడవడం. ఒక్కోటి సుమారు 4 కిలోలు ఉంటుంది.

ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, రెండు విడతలు. చివరి రెండు మూడు సార్లు కష్టంగా అనిపించాలి. తేలికైతే బరువు కొంచెం పెంచాలి. అలా పెంచుకుంటూ పోకపోతే కండ పెరగడం ఆగిపోతుంది. ఊపిరి బిగబట్టకండి. బీపీ, గుండె జబ్బు, నడుంనొప్పి ఉన్నవారు ముందు డాక్టర్ని అడగండి. ఆడవాళ్ళకు ఒక మాట: వారానికి రెండు రోజులు చేస్తే పహిల్వాన్ల లాంటి కండలు రావు. ఎముకలు మాత్రం గట్టిపడతాయి.

తిండిలో మాంసకృత్తులు కూడా చూసుకోవాలి. బరువు తగ్గే ప్రయత్నంలో ఉన్నవారికి, ఒంటి బరువులో కిలోకి 1.2 గ్రాములైనా ఉండాలని చాలామంది నిపుణులు సూచిస్తారు. 70 కిలోల మనిషికి 84 గ్రాములు. గుడ్డులో 6 గ్రాములు, కప్పు పెరుగులో సుమారు 8, కప్పు ముద్దపప్పులో సుమారు 11. పప్పుచారు లెక్కలోకి తీసుకోకండి, అందులో నీళ్ళే ఎక్కువ! మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరు చెప్పినంతే తినాలి.

చిన్నారులకు ఒక మాట

పిల్లలూ, మీరు బరువు తగ్గాలని తిండి మానకండి. మీరు ఎదిగే వయసులో ఉన్నారు. రోజూ ఒక గంట చెమట పట్టేలా ఆడండి. వారంలో మూడు రోజులైనా ఎక్కడం, గెంతడం, కోతికొమ్మచ్చిలా వేలాడడం ఉండాలి. బరువులెత్తితే పొడుగు పెరగరనేది అపోహే. పెద్దవాళ్ళు దగ్గరుండి సరైన పద్ధతి నేర్పితే భయం లేదు.

మన శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి పేరు విన్నారా? 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు రకాల ఎత్తులూ కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. కలియుగ భీముడని పేరు పొందిన కోడి రామమూర్తి నాయుడు గారిదీ ఆ ప్రాంతమే. బలం అనేది మన ఊళ్ళకి కొత్త సంగతి కాదు.

చివరగా మన బల్లల మిత్రుడి సంగతి. ఏడాదిగా నడకతో పాటు వారానికి రెండు రోజులు పై వ్యాయామాలు చేస్తున్నారు. తూకం మీద తగ్గింది రెండు కిలోలే. బెల్టు మాత్రం రెండు రంధ్రాలు లోపలికి వచ్చింది. ఈసారి వార్షికోత్సవానికి ఆ బల్లకి ఒక వైపు ఆయన పట్టుకుంటానన్నారు. రెండో వైపుకి మనిషి కావాలి. వచ్చే ఆదివారం పిల్లల్ని తరగతిలో దింపాక పార్కింగ్ లాట్ దగ్గరికి రండి. నడకైన తర్వాత మెట్ల దగ్గర పది గుంజిళ్ళతో మొదలుపెడదాం. చెవులు పట్టుకోనక్కర్లేదు.