పంచదార నీళ్లు తాగినా షుగరు ఎందుకు పెరగలేదు?



ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఒక పెద్దాయనకు చెమటలు పట్టి, చేతులు వణికాయి. ఉదయం ఏమీ తినకుండానే షుగరు మాత్రలు మాత్రం వేసుకున్నారట. పక్కనున్నవారు వెంటనే పంచదార నీళ్లు తాగించారు. అరగంటైనా తేరుకోకపోయేసరికి మా దగ్గరకు తీసుకువచ్చారు. రక్తంలో షుగరు 52 మాత్రమే ఉంది. గ్లూకోజ్ ఇచ్చిన కొద్దిసేపటికి లేచి కూర్చున్నారు. "పంచదారా, గ్లూకోజూ ఒకటే కదా సిస్టర్?" అని ఆయన భార్య అడిగారు. అందరూ తెలుసుకోవలసిన ప్రశ్న ఇది.

జంట చక్కెరలు

రెండూ ఒకటి కావు. గ్లూకోజ్ ఒంటరి చక్కెర. పంచదారలోని సుక్రోజ్ జంట చక్కెర. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు చక్కెరలు కలిసి, ఆ కలయికలో ఒక నీటి అణువును విడిచిపెడితే సుక్రోజ్ అవుతుంది. పాలలోని లాక్టోజ్‌లో గ్లూకోజ్, గాలక్టోజ్ ఉంటాయి. మొలకెత్తిన గింజల్లోని మాల్టోజ్‌లో రెండూ గ్లూకోజులే. వీటిని డైశాకరైడ్లు అంటారు.

జంటగా ఉన్న చక్కెర రక్తంలోకి వెళ్లలేదు. చిన్న ప్రేగు గోడల మీద ఉండే ఎంజైములు నీటి సాయంతో ఆ జంటను విడదీయాలి. సుక్రోజ్‌ను సుక్రేజ్, లాక్టోజ్‌ను లాక్టేజ్, మాల్టోజ్‌ను మాల్టేజ్ విడదీస్తాయి. విరేచనాల తరువాత కొందరు పసిపిల్లలకు పాలు పడకపోవడానికి కారణం కొన్నాళ్లపాటు లాక్టేజ్ తగ్గడమే. అంతమాత్రాన తల్లిపాలు మాత్రం ఆపకూడదు.

మాత్ర చేసే పని

వోగ్లిబోజ్, అకార్బోజ్ అనే మాత్రలు సుక్రేజ్, మాల్టేజ్ వంటి ఎంజైములను అడ్డుకుంటాయి. భోజనం తరువాత షుగరు ఒక్కసారిగా పెరగకుండా ఉండటానికే డాక్టర్లు వీటిని ఇస్తారు. వీటివల్ల మాత్రమే షుగరు పడిపోవడం అరుదు. కానీ వీటితోపాటు గ్లైమెపిరైడ్ వంటి మాత్రలో, ఇన్సులిన్నో వాడేవారికి పడిపోవచ్చు. చాలామందికి వోగ్లిబోజ్, గ్లైమెపిరైడ్ ఒకే మాత్రలో కలిపి ఉంటాయి. ఆ పెద్దాయన వాడుతున్నదీ అటువంటిదే. ఆయన తాగిన పంచదార ప్రేగులో త్వరగా విడిపోలేదు. గ్లూకోజ్‌ను విడదీయనక్కరలేదు గనుక నేరుగా రక్తంలోకి చేరింది.

మీరు చేయవలసినవి

1. మీ మాత్రల అట్ట మీద వోగ్లిబోజ్ లేదా అకార్బోజ్ అని ఉన్నదేమో చూడండి. చదవడం రాకపోతే మా సిస్టర్లకు చూపించండి.

2. ఉంటే, ఇంట్లోనూ సంచిలోనూ సాదా గ్లూకోజ్ పొడి ఉంచుకోండి. రుచులు కలిపిన పొడులలో పంచదార ఉండవచ్చు.

3. చెమట, వణుకు, కంగారు వచ్చినా, షుగరు 70 కంటే తగ్గినా 15 గ్రాముల గ్లూకోజ్, అంటే సుమారు 3 నుండి 4 చెంచాలు, నీళ్లలో కలిపి తాగండి. 15 నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించండి. తగ్గే ఉంటే మరోసారి తాగండి. తేరుకున్నాక భోజనం చేయండి.

4. గ్లూకోజ్ దొరకకపోతే తేనె ఇవ్వవచ్చు. అందులో గ్లూకోజ్ విడిగానే ఉంటుంది. ఈ మాత్రలు వాడనివారికి పంచదార నీళ్లు చాలు.

5. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

6. ఉపవాసం ఉండదలచినవారు ముందుగా డాక్టరును అడిగి మాత్రల సంగతి తెలుసుకోండి.

బెల్లం షుగరు రోగులకు మంచిదేనని కొందరు అనుకుంటారు. బెల్లంలోనూ ఎక్కువ భాగం సుక్రోజే.

ఆ పెద్దాయన ఇప్పుడు ప్రార్థనకు వచ్చేటప్పుడు బైబిలు సంచిలో గ్లూకోజ్ పొట్లం కూడా తెచ్చుకుంటున్నారు. మీరూ అలాగే చేయండి. ప్రభువు మీ కుటుంబములను కాపాడును గాక.