చేవెళ్ల, మొయినాబాదు గాలి: రైతు చేయదగిన కాపలా

హైదరాబాదు–బీజాపూరు రోడ్డు మీద ప్రయాణించిన వారికి మొయినాబాదు, చేవెళ్ల అనగానే ఇరుప్రక్కల మర్రిచెట్లు, వాటి వెనుక కూరగాయల మళ్ళు, పూలతోటలు గుర్తుకు వచ్చును. పట్నపు పొగకు దూరముగా నుండవలెనని ఇచ్చట స్థలములు కొనువారు పెక్కుమంది. అయితే డిసెంబరు, జనవరి నెలలలో తెల్లవారుజామున పొలమునకు పోవు రైతుకు ఈ గాలి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

చలికాలపు రాత్రి నేల త్వరగా చల్లబడును. నేలనంటిన చల్లగాలి పైన వెచ్చని గాలి మూతవలె నిలుచును. సాయంకాలము చేనిలో పెట్టిన మంట పొగ పైకి పోలేక ఊరిమీద పరచుకొని, ప్రొద్దెక్కువరకు కదలదు. నా చేనులో నేను కాల్చుకొంటినని ఒకరనవచ్చును గాని, ఆ పొగ పీల్చునది ఊరంతయు.

పొగలోని ధూళిలో మిక్కిలి హాని చేయునది 2.5 మైక్రానులు, అంతకంటె చిన్నదైన నలుసు. ఇది తలవెండ్రుక మందములో ఇరువదవ వంతు కూడ నుండదు. ఊపిరితిత్తుల లోతునకు పోవును. 2009లో ప్రకటించిన జాతీయ ప్రమాణముల ప్రకారము ఈ నలుసు ఘనపు మీటరు గాలిలో 24 గంటల సగటున 60 మైక్రోగ్రాములకు మించరాదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు 15 మాత్రమే.

మన ప్రాంతములో మంటలకు ముఖ్య కారణము పత్తికట్టె, మక్కచొప్ప, వరి కొయ్యకాళ్ళు. పత్తికట్టె విషయములో రైతును తప్పుపట్టుట సులభము కాదు. పగలని కాయలలో గులాబిరంగు పురుగు దాగియుండును గనుక మోళ్ళు పీకి కాల్చివేయుడని చెప్పుట పాత వాడుక. పురుగు భయము నిజమే. కట్టెను వంటచెరకుగా గట్టుమీద నెలల తరబడి కుప్పవేసినచో మరుసటి పంటకు పురుగును మనమే దాచిపెట్టినట్లగును. దీనికి మంట ఒక్కటే మార్గము కాదు. పత్తి తీత ముగియగానే చేనిలోనికి మేకలను, గొర్రెలను, పశువులను వదలినచో మిగిలిన పచ్చికాయలను మేయును. పిదప ట్రాక్టరుకు తగిలించు ష్రెడ్డరుతో కట్టెను ముక్కలు చేసి, దున్ని భూమిలో కలుపవలెను.

వరి కొయ్యకాళ్ళ సంగతి ఇంతకంటె తేలిక. దమ్ముచేయునపుడు ఎకరమునకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు చల్లి కలియదున్నినచో అవి త్వరగా చివుకును. ఒక టన్ను వరిగడ్డిని కాల్చినచో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరము, 25 కిలోల పొటాషు, 1.2 కిలోల గంధకము నష్టమగునని లెక్క. కొంత గాలిలో కలియును, కొంత బూడిదతో కొట్టుకొనిపోవును. పొటాషు బస్తా ధర తెలిసిన వారికి ఇంతకంటె చెప్పనేల?

చినిగిన మల్చింగు షీట్లను, పాత పైపులను చెత్తతో కాల్చుట మాత్రము ఎంతమాత్రమును తగదు. పి.వి.సి. పైపు కాలినచో ఘాటైన ఆమ్లవాయువు వెలువడును. వాటిని ఏరి పాతసామాను కొనువారికి ఈయవలెను.

ఇక దుమ్ము. మొరము బాటల వెంబడి టిప్పర్లు తిరుగు చోట వంగ, బెండ, గులాబి ఆకులను త్రిప్పి చూడుడు. దుమ్ముపట్టిన మొక్కలపై ఎర్రనల్లి ఎక్కువగా కనబడును. దానిని తిను మిత్రపురుగులకు దుమ్ము గిట్టదు. మందు కొట్టుటకు ముందు ఆకులను నీటితో కడిగిచూచుట మంచిది. బాటప్రక్క గట్టున సుబాబుల్, గ్లైరిసీడియా వంటివి దట్టముగా పెంచినచో కొంత దుమ్ము అచ్చటనే ఆగును, పచ్చిరొట్టయు లభించును.

రోడ్డు వెంబడి మర్రిచెట్లు చేయుచున్న పనియు ఇదే. రోడ్డు విస్తరణ ప్రతిపాదనతో ఈ చెట్ల వ్యవహారము జాతీయ హరిత ట్రిబ్యునలు వరకు వెళ్ళినది. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు నీటి రక్షణకై 1996లో వచ్చిన 111వ నంబరు ఉత్తర్వు, 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలను నిషేధించి, గాలికిని మేలు చేసినది. 2022లో 69వ నంబరు ఉత్తర్వు ఆ కట్టుబాట్లను సడలించినది గనుక ఇకమీదట గ్రామాధికారుల మెలకువ ఎక్కువ కావలెను.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారి ‘సమీర్’ యాప్‌లో సనత్‌నగర్, జూపార్కు వంటి కేంద్రముల గాలి సూచిక చూడవచ్చును. 50 వరకు మంచిది, 200 దాటినచో చెడ్డది. కాని సనత్‌నగర్ అంకె మీ ఊరి అంకె కాదు. పంచాయతీ కార్యదర్శి ఒక పుస్తకము పెట్టి, ప్రతి ఉదయము 7 గంటలకు ఒకే చోట నిలిచి, దూరమున గుర్తుపెట్టుకొనిన చెట్టు స్పష్టముగా కనబడుచున్నదా, పొగవాసన కలదా, గాలి ఎటు వీచుచున్నది, ముందురోజు మంట ఎచ్చట పెట్టిరి అని వ్రాయవలెను. మంచును పొగయని పొరబడరాదు. వాసన, కంటిమంట తేడా చెప్పును. ఇది యంత్రపు కొలత కాకపోయినను, నెల తిరుగునప్పటికి పొగ ఏ దిక్కునుండి వచ్చుచున్నదో తెలియును. ఇటుకబట్టీయో, కంకరమిల్లో కారణమైనచో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి పెట్టు అర్జీతో ఈ పుటల నకలు జతచేయవచ్చును.

ష్రెడ్డరులు తీత ముగిసిన పిమ్మట అందరికి ఒకేమారు దొరకవు. గట్టుకు గట్టు కలిసిన రైతులు నలుగురైదుగురు కూడి, ట్రాక్టరు యజమానితో ముందుగానే రోజు కుదుర్చుకొనుడు.