పాఠం చెబుతూ... పాఠం వింటూ...

స్కాలర్‌షిప్ మీద విదేశానికి వెళ్లినవారిలో చాలామంది అక్కడ పొద్దున విద్యార్థులు, మధ్యాహ్నం టీచర్లు. ఈ రెండు పనుల మధ్య సొంత జీవితం నలిగిపోకూడదంటే ఏం చేయాలి? బహదూర్‌పురా లాంటి పేటల నుంచి బయల్దేరే పిల్లల కోసం, వాళ్లను సాగనంపే ఇళ్ల కోసం ఈ కథనం.

బహదూర్‌పురాలో ఒక ఇంటి అమ్మాయికి విదేశీ స్కాలర్‌షిప్ వచ్చిందంటే ఆ కబురు గల్లీ దాటడానికి ఎంతోసేపు పట్టదు. మీర్‌ఆలం చెరువు వైపున్న ఖాలా ఫోన్ చేస్తుంది. అబ్బా మిఠాయి పంచుతారు. వీసా, టికెట్టు, చలికోట్ల గురించి రోజుల తరబడి మాటలు నడుస్తాయి. అక్కడికి వెళ్లాక రోజు ఎలా గడుస్తుందన్న ప్రస్తావన మాత్రం రాదు. అసలు పరీక్ష అక్కడే ఉంది.

ఇటు టీచరు... అటు విద్యార్థి

అమెరికా ప్రభుత్వ ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ కార్యక్రమాల్లో ‘ఫారిన్ లాంగ్వేజ్ టీచింగ్ అసిస్టెంట్’ ఒకటి. 1968లో మొదలైంది. మన యువ ఉపాధ్యాయులు అమెరికా యూనివర్సిటీలకు వెళ్లి అక్కడి విద్యార్థులకు తెలుగు, ఉర్దూ వంటి భాషలు నేర్పుతారు. ఆగస్టు నుంచి మే దాకా ఒక విద్యా సంవత్సరం. వారానికి 20 గంటల వరకూ బోధన పని. సెమిస్టర్‌కు కనీసం రెండు కోర్సులు చదవాలి. డిగ్రీ రాదు. భర్తనో, భార్యనో, పిల్లల్నో వెంట తీసుకెళ్లే వీలుండదు.

కాగితం మీద 20 గంటలు తక్కువే అనిపిస్తాయి. తరగతిలో దిగాకే బరువు తెలుస్తుంది. ‘తాత’కీ ‘టాటా’కీ తేడా అమెరికా విద్యార్థి చెవికి ఒక పట్టాన అందదు. నాలుక ఎక్కడ పళ్లకు తగలాలో, ఎక్కడ పైకి మడత పడాలో చేతులు తిప్పుతూ చూపించాలి. మనకు ఉగ్గుపాలతో వచ్చినదాన్ని విడదీసి చెప్పడం వేరే విద్య. ఉర్దూ టీచరుకైతే ఇంట్లో దక్కనీ మాట్లాడి పెరిగిన నోటితో పుస్తకాల ఉర్దూ చెప్పాల్సి వస్తుంది. పక్క అక్షరాన్ని బట్టి రూపు మార్చుకునే లిపిని బోర్డు మీద ఓపిగ్గా రాసి చూపాలి. గంట పాఠం వెనక గంటల తయారీ ఉంటుంది.

ఇక సొంత చదువు. పరీక్షల ముందు కూర్చుని గట్టెక్కే పద్ధతి అక్కడ కుదరదు. వారం వారం చదివి రావాలి, క్లాసులో మాట్లాడాలి, పేపర్లు రాసివ్వాలి. తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థులకు రూ.20 లక్షల దాకా ఇచ్చే ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌తో వెళ్లినవారికీ ఈ తిప్పలు కొత్త కావు. యూనివర్సిటీలో టీచింగ్ అసిస్టెంట్‌గా చేరితే ఖర్చుల భారం తగ్గుతుంది కానీ, రోజంతా ముక్కలైపోతుంది.

గడియారాలు కలవవు

వెల్చేరు నారాయణరావు దశాబ్దాలపాటు తెలుగు బోధించిన విస్కాన్సిన్ యూనివర్సిటీ అమెరికాలోని మాడిసన్‌లో ఉంది. సెప్టెంబరులో ఆ ఊరు హైదరాబాద్ కన్నా పదిన్నర గంటలు వెనక. నవంబరు మొదటి ఆదివారం నుంచి పదకొండున్నర గంటలు. సెప్టెంబరులో ఇక్కడ రాత్రి 11కి ఫంక్షన్ హాల్లో అక్క పెళ్లి సందడి ఊపందుకునేసరికి అక్కడ మధ్యాహ్నం 12.30. చెల్లెలు క్లాసులో ఉంటుంది. రంజాన్ ఈమధ్య వసంతకాలం సెమిస్టర్ మధ్యలో వస్తోంది. సహర్‌కి లేపడానికి అమ్మీ ఉండదు. ఇఫ్తార్ వేళకు క్లాసు అయిపోతుందన్న నమ్మకమూ లేదు.

పాఠానికి గంట ఉంది, పేపరుకు గడువుంది. సొంత జీవితానికి ఆ రెండూ లేవు. అందుకే ముందుగా కోత పడేది దానికే. మొదట నిద్ర తగ్గుతుంది, తర్వాత వంట మానేస్తారు, ఆపైన స్నేహాలు పలచబడతాయి. చివరికి ఇంటికి చేసే ఫోన్ ‘బాగానే ఉన్నా అమ్మీ’ దగ్గరే ఆగిపోతుంది.

డిగ్రీ లేకుండా తిరిగొచ్చినా...

ఇలా వెళ్లడం హైదరాబాద్‌కు కొత్త కాదు. 1895లో పదహారేళ్ల సరోజినీ చటోపాధ్యాయ నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండ్ వెళ్లారు. లండన్ కింగ్స్ కాలేజీలో, తర్వాత కేంబ్రిడ్జిలోని గిర్టన్‌లో చదివారు. ఆరోగ్యం అంతంతమాత్రం. 1898లో డిగ్రీ లేకుండానే తిరిగొచ్చారు. అయితే ఎడ్మండ్ గాస్, ఆర్థర్ సైమన్స్ వంటి సాహితీవేత్తల పరిచయం, తన దేశం గురించే రాయాలన్న ఎరుక వెంట తెచ్చుకున్నారు. సరోజినీ నాయుడిగా 1905లో తొలి కవితా సంపుటి వెలువరించారు. ఆ మూడేళ్లనూ మార్కులతో కొలిస్తే మిగిలేది సున్నా. మనుషులతో గడిపిన సమయం ఎంత విలువైనదో ఆమె జీవితం చెబుతోంది.

గీత ముందే గీసుకోవాలి

ఆ సమయం మిగలాలంటే టీచింగ్ అసిస్టెంట్‌గా వెళ్లినవారు మొదటి వారంలోనే ప్రొఫెసర్‌ను అడగాలి: పాఠాల తయారీ, పేపర్లు దిద్దడం, సాంస్కృతిక కార్యక్రమాలు వారానికి 20 గంటల పనిలోకి వస్తాయా, రావా? అడగడం అమర్యాద కాదు. భాషాబోధన మీద కోర్సు ఉంటే తీసుకోవాలి, అక్కడ చదివింది మర్నాడే తరగతిలో పనికొస్తుంది. ఉపవాసాల సంగతి సెమిస్టర్ మొదట్లోనే చెబితే పరీక్షల తేదీల్లో సర్దుబాటుకు వీలుంటుంది. వారంలో ఒక పూటను ఏ పనికీ ఇవ్వకుండా టైమ్‌టేబుల్‌లో రాసి పెట్టుకోవాలి. మనసు బాగోలేకపోతే క్యాంపస్‌లో కౌన్సెలింగ్ సెంటర్లు ఉన్నాయి. అక్కడికి వెళ్లడం చిన్నతనం కాదు.

ఇంటివాళ్ల వంతూ ఉంది. ఫోన్‌కు వారంలో రెండు వేళలు ఖాయం చేసుకుంటే చాలు. ఎత్తకపోతే అలగొద్దు. ఆడపిల్ల అయితే పెళ్లి సంబంధాల మాట ఆ తొమ్మిది నెలలు పక్కన పెట్టండి. పంపడానికి ఒప్పుకోవడం ఎంత ముఖ్యమో, వెళ్లాక తెరిపిన పడనివ్వడం అంత ముఖ్యం.

ఫుల్‌బ్రైట్‌తో వెళ్లినవారు గడువు తీరాక స్వదేశానికి రావాలి. మళ్లీ అమెరికాలో స్థిరపడాలంటే అంతకుముందు కనీసం రెండేళ్లు ఇక్కడ ఉండాల్సిందే. అంటే ఆ టీచరు తిరిగి నిలబడేది మన పిల్లల ముందే. అలసి, విసిగి వస్తే నష్టపోయేది మన తరగతులు. ఆరోగ్యంగా, నలుగురు స్నేహితులతో, చదువు మీద అదే ఇష్టంతో వస్తే ఆ ఏడాది ఫలం పాతబస్తీ బడులకూ అందుతుంది. అందుకే విశ్రాంతికి కేటాయించిన పూటను పాఠంతో సమానంగా కాపాడుకోవాలి.