పేరులో ‘వేరు’ – తీరులో వేరు

ఎరువులను గూర్చి చెప్పునపుడు ‘అయాను’ అను మాటను, కలుపు మందులను గూర్చి చెప్పునపుడు ‘స్వేచ్ఛా రాడికల్’ అను మాటను మీరు వినియుందురు. రెండును ఒకటే యని కొందరు భ్రమపడుదురు. ఇందుకు కారణము లేకపోలేదు. నైట్రేటు, సల్ఫేటు వంటివానిని పాత పాఠ్యపుస్తకములు ‘రాడికల్స్’ అనియే పిలిచినవి. నేడు వానిని అయానులందుము.

గ్రీకు భాషలో అయాను అనగా ‘పోవునది’. 1834లో మైకేల్ ఫారడే ఈ పేరును వాడుకలోనికి తెచ్చెను. రాడికల్ అను మాట ‘వేరు’ అను అర్థముగల లాటిను పదమునుండి పుట్టినది. చిత్రమేమనగా, ఎరువులోని పోషకము అయానుగా మొక్క వేరులోనికి పోవును. వేరు పేరుగల రాడికల్ ఆకును మాడ్చును!

రెంటికిని భేదమేమి?

ఎలక్ట్రానులు సాధారణముగా కాడికి కట్టిన ఎడ్లవలె జతలుగా నుండును. ఎలక్ట్రానులు తగ్గుటవలనగాని, హెచ్చుటవలనగాని విద్యుదావేశము పొందినది అయాను. జత తప్పిన ఎలక్ట్రాను గలది స్వేచ్ఛా రాడికల్. అది జోడుకొరకు ప్రక్కనున్నవానిపై బడును. ఒకే పదార్థము రెండు రూపములను దాల్చవచ్చును. పారాక్వాట్ కలుపు మందే ఇందుకు నిదర్శనము.

నీటిలో పారాక్వాట్ ధనావేశముగల అయాను. బంకమట్టి రేణువులు ఋణావేశము గలవి గనుక దానిని గట్టిగా పట్టి నిర్వీర్యము చేయును. అందుచేతనే బురద నీటిలో కలిపిన మందు సరిగా పనిచేయదు. తేట నీరే వాడవలెను.

ఆకుపై బడి ఎండ సోకినంతనే ఈ అయాను ఆకులోని ఎలక్ట్రానును గ్రహించి రాడికల్ అగును. దానిని ఆక్సిజనుకు అప్పగించి మరల అయానగును. ఇట్లు పదేపదే జరుగుటచే పుట్టిన చురుకైన ఆక్సిజన్ రూపములు ఆకు పొరలను చెరచును. కొద్ది గంటలలోనే ఆకు వాడును. మందు వేళ్లకు దిగదు గనుక తుంగ, గరిక మరల చిగుర్చును. పైరు ఆకుపై బడినను మాడ్చును.

హెచ్చరిక

ఈ క్రియయే మనిషి ఊపిరితిత్తులలోను జరుగును. ఒక్క గుక్క మ్రింగినను ప్రాణాపాయము. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. 2007లో యూరోపియన్ యూనియన్ దేశములలో దీని అనుమతి రద్దైనది. మీ ప్రాంతమున అనుమతి యున్నదో లేదో ముందుగా వ్యవసాయాధికారిని అడుగుడు. చేతితొడుగులు, ముఖమునకు కవచము లేనిదే ముట్టరాదు. పానీయముల సీసాలలో ఎన్నడును పోయరాదు. పొరపాటున నోటబడినచో, బాధ లేదుకదా యని ఆగక, మందు డబ్బాతో సహా తక్షణమే ఆసుపత్రికి చేరవలెను. మొదట తేలికగా తోచినను, కొన్ని దినములకు ఊపిరితిత్తులు చెడును.